వెస్ట్ స్టేషన్‌లో దిగేవాళ్ళు

(తిరుపతిలో కాలనీవాసులు, విద్యార్థులు కలిసి పెట్టుకున్న సమావేశంలో ఒక అధ్యాపకురాలు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. గుమ్మం దగ్గర నిలబడ్డ పిల్లలు లోపలికి రండమ్మా, ముందు చాప మీద చోటుంది. పెద్దాయనకు ఆ కుర్చీ ఇవ్వండి.

నన్ను మన ఊరి రైల్వే గురించి మాట్లాడమన్నారు. తిరుపతిలో రైల్వే అంటే ఎవరికైనా గుర్తొచ్చేది పెద్ద స్టేషనే. దేశం నలుమూలల నుంచి బండ్లు వచ్చి ఆగేది అక్కడ, కొండకు పోయే భక్తులు దిగేది అక్కడ, ఇప్పుడు కొత్త భవనాలు లేస్తున్నదీ అక్కడే. ఆ పని బాగా జరగాలి, అందులో రెండో మాట లేదు. నేను ఈ సాయంత్రం మాట్లాడబోయేది మాత్రం దాని పడమటి పక్కనున్న చిన్న స్టేషన్ గురించి. చంద్రగిరి వైపు పోయే బండికి మొదట తగిలే తిరుపతి వెస్ట్ గురించి.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఈ ఊళ్ళో యాత్రికుడికి రైలు ఎంత అవసరమో, రోజూ పనికి పోయే మనిషికీ, చదువుకోవడానికి వచ్చే పిల్లకూ అంతే అవసరం. ఆ రెండో అవసరం తీర్చగలిగింది వెస్ట్ స్టేషన్. పనివేళకు అందే బండి, భయం లేకుండా నడిచే దారి ఉంటే చాలు, అది తీరుతుంది. వాటికన్నా ముందు ఇంకొకటి జరగాలి. మనం అక్కడ ఎక్కుతున్నామని రైల్వే లెక్కల్లో కనబడాలి. ఈ మూడోదాన్ని మనం పట్టించుకోవడం లేదు, అందుకే దాని మీద ఎక్కువసేపు మాట్లాడతాను.

ముందు, అక్కడ దిగేది ఎవరు? నేను పాకాల పిల్లను. సీజన్ టికెట్ మీద వచ్చి ఈ ఊళ్ళో చదువుకున్నాను, ఇప్పుడు ఇక్కడే ఎకనామిక్స్ చెబుతున్నాను. కాబట్టి ఆ బండిలో కూర్చునే మనుషులు నాకు తెలుసు. పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం స్టేషన్‌కు దాపునే ఉంది. 1983లో పెట్టిన ఆ విశ్వవిద్యాలయానికి పాకాల నుంచి, చంద్రగిరి నుంచి, చిత్తూరు నుంచి ఆడపిల్లలు వస్తారు. పట్టాల అవతలి పక్క ఎస్వీ యూనివర్సిటీ, 1954 నాటిది. రుయాకు, స్విమ్స్‌కు వచ్చే రోగులుంటారు. మల్లెపూల మూటతో ఒకామె, కరివేపాకు కట్టలతో ఒకామె, మేస్త్రీ పనికి వచ్చే జట్టు, బట్టల షాపుల్లో నిలబడి పనిచేసే అమ్మాయిలు ఉంటారు. ఎదురు దిక్కున ఎక్కేవాళ్ళలో చాలామంది చేతుల్లో ఎక్స్‌రే కవర్లు ఉంటాయి. వాళ్ళు కాట్పాడిలో దిగి వేలూరు సీఎంసీకి పోయేవాళ్ళు. మన జిల్లాల్లో పెద్ద జబ్బు చేస్తే వేలూరు పోవడం తాతల నాటి నుంచి ఉన్న అలవాటు. ఆ ఆస్పత్రి వయసే నూట ఇరవై ఏళ్ళు దాటింది.

వీళ్ళలో ఎవరికీ పెద్ద స్టేషన్‌లో పని లేదు. అక్కడ దిగితే యాత్రికుల గుంపులో పడి బయటికి రావాలి, ఆటోవాళ్ళతో బేరమాడాలి, వచ్చిన దారినే మళ్ళీ పడమరకు తిరిగి రావాలి. బాలాజీ కాలనీకో, ఎమ్మార్ పల్లికో, యూనివర్సిటీకో పోయే మనిషికి వెస్ట్‌లో దిగితే కాళ్ళు చాలు.

ఈ లైను పుట్టుక గురించి కొంచెం చెప్పాలి. మద్రాసు నుంచి బొంబాయికి వేసిన పెద్ద లైను రేణిగుంట మీదుగా పోయింది, తిరుపతిని తాకలేదు. తిరుపతికి పట్టాలు వచ్చింది 1891లో. సౌత్ ఇండియన్ రైల్వే వాళ్ళు విల్లుపురం, కాట్పాడి, చిత్తూరు, పాకాల మీదుగా మీటర్ గేజ్ లైను, అంటే పట్టాల మధ్య ఎడం తక్కువుండే లైను, వేశారు. పాకాలలో అది రెండు పాయలైంది. ఒకటి తిరుపతి మీదుగా గూడూరుకు, ఇంకొకటి పీలేరు, మదనపల్లె రోడ్డు, కదిరి మీదుగా ధర్మవరానికి. మ్యాపు తీసి చూడండి. అది ఊళ్ళను ఊళ్ళతో కలిపిన లైను. దామలచెరువు మామిడికాయ, చిత్తూరు బెల్లం, వాయల్పాడు టమాటా, ఇవన్నీ దాని చుట్టూ తిరిగిన బతుకులు. ఇప్పుడు ఎడం ఎక్కువుండే బ్రాడ్ గేజ్ అయింది, కరెంటు తీగలు వచ్చాయి, దూరాల బండ్లు వచ్చాయి. మంచిదే. కానీ దూరాల బండ్లు పెరిగేకొద్దీ ఆ ఊళ్ళ మధ్య తిరిగే ప్యాసింజర్ బండికి జాగా తగ్గుతూ వచ్చింది.

ఎందుకు తగ్గిందో అర్థం కావాలంటే సింగిల్ లైను ఎలా నడుస్తుందో తెలియాలి. తిరుపతి నుంచి కాట్పాడి దాకా ఉన్నది ఒకే పట్టా. రెండు స్టేషన్ల మధ్య ఒకసారి ఒక బండే ఉండాలి. ఎదురుగా ఇంకో బండి వస్తుంటే ఒకటి ఏదో ఒక స్టేషన్‌లో పక్క పట్టా మీదికి తప్పుకొని నిలబడాలి. దాన్నే క్రాసింగ్ అంటారు. పూర్వం దీనికోసం ఇనుప గుండు లాంటి టోకెన్ ఉండేది. అది డ్రైవర్ చేతికి అందితేగానీ బండి కదలకూడదు. టోకెన్ సంచి తగిలించిన వంకర కర్రను స్టేషన్ మనిషి ఎత్తి పట్టుకోవడం, కదిలే ఇంజన్ మీదినుంచి ఫైర్‌మన్ దాన్ని చేత్తో అందుకోవడం మీలో పెద్దవాళ్ళు చూసే ఉంటారు. ఇప్పుడు అది మీటల మీదికి మారింది. సూత్రం మాత్రం అదే. ఒక పట్టా, ఒక బండి.

మరి రెండు బండ్లలో ఏది పక్కకు తప్పుకోవాలి? ఎక్స్‌ప్రెస్‌కు దారిచ్చి ప్యాసింజర్ నిలబడుతుంది. ఒక్కోసారి ఒక ఎక్స్‌ప్రెస్ ఎక్కడో దూరాన ఆలస్యమైతే, దానికోసం మన బండి చంద్రగిరిలోనో పనపాకంలోనో కూర్చుంటుంది. బండిలో ఉన్న పిల్లకు తొమ్మిదిన్నరకు ఇంటర్నల్ పరీక్ష. ఆ టెన్షన్ నాకు తెలుసు. అలా నాలుగుసార్లు జరిగితే ఆ పిల్ల నాన్న అప్పుచేసి స్కూటీ కొనిపెడతాడు, లేదా హాస్టల్‌లో వేస్తాడు, లేదా చదువు చాలమ్మా అంటాడు. బండి ఖాళీ అయిందని అప్పుడు అందరూ అంటారు.

నేను ఇప్పుడే ఈ మాట ఎత్తడానికి కారణం ఉంది. 2025 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం తిరుపతి, పాకాల, కాట్పాడి మధ్య రెండో లైనుకు ఆమోదం ఇచ్చింది. 104 కిలోమీటర్లు, సుమారు 1,332 కోట్ల రూపాయలు. సుమారు 400 గ్రామాలకు, 14 లక్షల మందికి మేలు జరుగుతుందని ఆ ప్రకటనలోనే ఉంది. రెండో పట్టా పడితే ఈ క్రాసింగ్ బాధ పోతుంది. ఎటు పోయే బండి అటు పోతుంది.

అయితే పట్టా పడగానే మన బండ్లు వాటంతట అవి రావు. కొత్తగా దొరికిన జాగా కోసం అడిగేవాళ్ళు చాలామంది ఉంటారు. గూడ్సు వాళ్ళు అడుగుతారు, దూరపు రాష్ట్రాల ఎంపీలు తమ ఊరి నుంచి తిరుపతికి బండి కావాలంటారు. వాళ్ళ కోరికలో తప్పు లేదు. దేవుడి దగ్గరికి రావాలని ఎవరికుండదు? కానీ ఉదయం ఏడు నుంచి పది దాకా, సాయంత్రం నాలుగున్నర నుంచి ఎనిమిది దాకా ఆ పట్టాల మీద మొదటి హక్కు ఇక్కడ బతికేవాళ్ళదని ఎవరో ఒకరు అడగాలి. పని మొదలు కాకముందే అడగాలి. వెస్ట్ స్టేషన్‌లో ప్లాట్‌ఫారం ఎంత పొడవు, ఎటువైపు, పాదచారుల వంతెన ఎక్కడ దిగాలి, అన్నీ ఈ రెండో లైను నక్షాలోనే ఖాయమవుతాయి. కాంక్రీటు పోశాక మార్చమంటే ఎవరూ మార్చరు.

ఇప్పుడు లెక్కల సంగతి. పిల్లలూ, ఇది శ్రద్ధగా వినండి.

2017 నుంచి రైల్వే స్టేషన్లను మూడు గుంపులు చేశారు. మహానగరాల లోకల్ బండ్లు తిరిగే స్టేషన్లు సబర్బన్, మిగతావి నాన్ సబర్బన్, బండి కాసేపు ఆగిపోయే చిన్నవి హాల్ట్. ఒక్కో గుంపులో మళ్ళీ మెట్లు. ఏ మెట్టు మీద నిలబెట్టాలన్నది ఆ స్టేషన్ నుంచి బయలుదేరే ప్రయాణికుల సంఖ్య, వాళ్ళ వల్ల వచ్చే ఆదాయం చూసి తేలుస్తారు. తాగునీటి కొళాయిలు ఎన్ని, బల్లలు ఎన్ని, నీడ ఎంత, మరుగుదొడ్డి ఉండాలా, ఇవి ఆ మెట్టును బట్టి వస్తాయి.

మనం ఏం చేస్తున్నాం? పాకాలలో ఎక్కే పిల్ల పాకాల నుంచి తిరుపతికని టికెట్ తీసుకొని వెస్ట్‌లో దిగిపోతుంది. సాయంత్రం వెస్ట్‌లో ఎక్కే మనిషి ఉదయమే రాను పోను టికెట్ తీసుకొని ఉంటాడు. ఫోన్‌లో టికెట్ తీసుకునేవాళ్ళు కూడా అలవాటుగా తిరుపతి అనే కొడతారు. ఇలా వెస్ట్‌లో కాలు పెట్టే మనుషుల్లో ఎక్కువమంది కాగితం మీద వేరే స్టేషన్ ఖాతాలో పడుతున్నారు. పట్టా పక్కన నిలబడి చూస్తే జనం ఉంటారు, రిజిస్టర్‌లో చూస్తే ఉండరు. పైన కూర్చొని నిర్ణయం తీసుకునే ఆఫీసరుకు కనబడేది రిజిస్టరే. ఆయన్ను తప్పు పట్టి లాభం లేదు.

అందుకని నా మొదటి కోరిక ఇది. మీరు దిగేది, ఎక్కేది వెస్ట్ అయితే టికెట్ మీద వెస్ట్ అనే పేరు ఉండేట్టు చూసుకోండి. ప్యాసింజర్‌కు, మెముకు, అంటే దగ్గర ఊళ్ళ మధ్య తిరిగే కరెంటు బండికి, కనీస చార్జీ పది రూపాయలు. పెద్ద స్టేషన్‌కూ వెస్ట్‌కూ టికెట్ ధరలో తేడా ఉన్నా అది మన జేబుకు తెలిసేంత ఉండదు. సీజన్ టికెట్ తీసుకునేటప్పుడు మరీ ముఖ్యం. ఒక సీజన్ టికెట్ అంటే నెలంతా ప్రయాణించే ఒక మనిషి రైల్వే లెక్కలో నిలబడడం.

ఇక్కడ ఆడపిల్లలకు ఒక మాట. డిగ్రీ పూర్తయ్యేదాకా మీకు ఇంటికీ కాలేజీకీ మధ్య సెకండ్ క్లాస్ మంత్లీ సీజన్ టికెట్ ఉచితం. మగపిల్లలకు పన్నెండో తరగతి దాకా. ఇది ఎప్పటినుంచో ఉన్న సౌకర్యం. కాలేజీ నుంచి ఫారం మీద సంతకం, సీలు వేయించుకొని కౌంటర్‌లో ఇవ్వాలి. నా క్లాసులో అడిగితే చేతులు లేపినవాళ్ళు చాలా తక్కువ. డబ్బు కట్టి బస్సు పాసు కొనుక్కున్న రోజుల్లో కూడా ఈ సంగతి తెలియని ఇళ్ళున్నాయి. ఆ ఫారం మీద మీ స్టేషన్ పేరు దగ్గర తిరుపతి వెస్ట్ అని రాయించండి.

ఆ వెనకనున్న అమ్మాయి ఏదో అడుగుతోంది. గట్టిగా చెప్పమ్మా. (ప్రశ్న సభకు వినబడలేదు.) మంచి ప్రశ్న. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీలో ఆడవాళ్ళకు ఉచిత ప్రయాణం వచ్చింది కదా, ఇంక రైలెందుకు మేడమ్ అని అడుగుతోంది.

ఉచిత బస్సు వచ్చినందుకు నాకు సంతోషం. ఇంట్లో ఎవరినీ డబ్బులు అడగకుండా గడప దాటగలగడం ఆడదానికి ఎంత ధైర్యమో నేను వేరే చెప్పనక్కర్లేదు. ఆ పథకం వచ్చాక బస్సుల్లో రద్దీ ఎంత పెరిగిందో కూడా చూస్తున్నారు. ఒక బస్సులో కూర్చునేది యాభై చిల్లర. ఎనిమిది పెట్టెల మెము వస్తే వందల మంది ఒకేసారి దిగుతారు, రోడ్డు మీద ఒక్క చక్రం కూడా పెరగదు. రైలు ఉంటే బస్సుల్లో నిలబడే బాధ తగ్గుతుంది. ఇంకోటి, బస్సు ఉచితం మన రాష్ట్రం లోపలికే. వేలూరు ఆస్పత్రికి పోయే తల్లికి కాట్పాడి దాకా రైలే దిక్కు. తోడుగా పోయే కొడుకు సంగతి కూడా చూడాలి. కూలికి పోయే మగవాళ్ళ సంగతీ చూడాలి. కూరగాయల గంపను బస్సులో ఎక్కించనిస్తారా? ప్యాసింజర్ బండిలో గుమ్మం పక్కన పెట్టుకుంటే ఎవరూ ఏమీ అనరు.

చార్జీ మాట వచ్చింది కాబట్టి ఆ రోజులు గుర్తుచేస్తాను. 2020 మార్చిలో కరోనాకు ప్యాసింజర్ బండ్లు ఆగిపోయాయి. మళ్ళీ మొదలైనప్పుడు వాటికి ఎక్స్‌ప్రెస్ స్పెషల్ అని పేరు పెట్టారు, కనీస చార్జీ ముప్పై రూపాయలు చేశారు. బండి అదే, స్టేషన్లు అవే, పది రూపాయల దూరానికి ముప్పై. 2024 ఫిబ్రవరి ఆఖరులో గానీ మళ్ళీ పదికి రాలేదు. ఆ మధ్యకాలంలో ఎంతమంది కూలీలు రైలు మానేసి జీపుల వెనక వేలాడుతూ వచ్చారో మన రోడ్లు చూశాయి. రైలు అలవాటు ఒకసారి తప్పితే తిరిగి రావడం కష్టం. మనుషులు బతుకును వేరే రకంగా సర్దుకుంటారు. అందుకే నేను తొందరపడుతున్నాను.

దారి సంగతి చూద్దాం. స్టేషన్ ఎంత బాగున్నా ఇంటి నుంచి అక్కడికి నడిచే దారి బాగుండకపోతే ఆడవాళ్ళు రారు. సాయంత్రం ఏడుకు బండి దిగిన పిల్ల రోడ్డెక్కేదాకా వెలుతురు ఉండాలి. వాన పడితే వెస్ట్ చర్చి అండర్ బ్రిడ్జిలో నీళ్ళు నిలుస్తాయి, 2021లో అక్కడ ప్రాణం పోయింది కూడా, ఈ ఊరు మరిచిపోలేదు. పట్టాలకు ఇటూ అటూ ఉన్న కాలనీలు రెండూ స్టేషన్‌ను వాడుకోవాలంటే పట్టాల మీదుగా దాటే అవసరం రాకూడదు. మెట్లు మాత్రమే ఉన్న వంతెన మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు పనికిరాదు, ఏటవాలు దారి కూడా ఉండాలి. ఇందులో సగం మున్సిపల్ కార్పొరేషన్ పని, సగం రైల్వే పని. ఇద్దరినీ ఒకే రోజు పిలిచి ఒకే చోట నిలబెట్టి చూపిస్తే తప్ప ఇది తెమలదు.

ప్లాట్‌ఫారం ఎత్తు చాలామంది పట్టించుకోని విషయం. రైల్వేలో ప్లాట్‌ఫారాలు మూడు రకాలు. పట్టా మట్టానికి ఉండేది ఒకటి, 455 మిల్లీమీటర్ల ఎత్తు ఉండేది ఒకటి, 760 నుంచి 840 మిల్లీమీటర్ల దాకా ఉండే ఎత్తైనది ఒకటి. ఎత్తైనదైతే పెట్టెలోకి ఎక్కడం సులువు. పొట్టిదైతే నిచ్చెన ఎక్కినట్టు కమ్మీ పట్టుకొని పైకి లాక్కోవాలి. చీర కట్టుకున్న ముసలమ్మ, గర్భిణి, కట్టుకట్టిన కాలితో వేలూరు నుంచి తిరిగొచ్చే మనిషి, వీళ్ళు ఎక్కి దిగడానికి ఎంతసేపు పడుతుందో, బండి ఎంతసేపు ఆగుతుందో పోల్చి చూసుకోండి. చిన్న స్టేషన్‌లో ఆగేది ఒక నిమిషం. రెండో లైను వేసేటప్పుడే పొడవునా ఎత్తైన ప్లాట్‌ఫారం కట్టమని అడగడం మన హక్కు. భవనం చిన్నదైనా పరవాలేదు, రేకుల షెడ్డు అయినా పరవాలేదు. ప్లాట్‌ఫారం ఎత్తు విషయంలో మాత్రం రాజీ పడొద్దు.

ఇలాంటి చిన్న స్టేషన్లతో ఏమవుతుందని అడిగేవాళ్ళకు హైదరాబాద్ చూపిస్తాను. సికింద్రాబాద్ నుంచి కాచిగూడ వైపు పోతుంటే సీతాఫల్‌మండి, ఆర్ట్స్ కాలేజ్, జామై ఉస్మానియా, విద్యానగర్ అని వరసగా చిన్న స్టేషన్లు వస్తాయి. ఒకటి దాటితే ఒకటి. ఉస్మానియా విశ్వవిద్యాలయం చుట్టూ అల్లుకున్నట్టు ఉంటాయి. 2003 ఆగస్టులో ఎంఎంటీఎస్ అనే నగర లోకల్ రైళ్ళు మొదలయ్యాక ఆ పట్టాలు నగరవాసుల రోజువారీ ప్రయాణానికి వచ్చాయి. పట్టాలు అంతకుముందు నుంచీ ఉన్నవే. మనకు కూడా ఉన్నాయి. శ్రీకాళహస్తి నుంచి మొదలుపెట్టండి. ఐఐటీ, ఐసర్ ఉన్న ఏర్పేడు, విమానాశ్రయం ఉన్న రేణిగుంట, అమ్మవారి తిరుచానూరు, తిరుపతి, వెస్ట్, కోట ఉన్న చంద్రగిరి, పాకాల, చిత్తూరు. ఇవన్నీ ఒకే దారి మీద ఉన్నాయి. ఈ ఊళ్ళన్నీ ఈరోజు ఒకే నగరంగా బతుకుతున్నాయి. 2023లో శ్రీనివాస సేతు అనే ఫ్లైఓవర్ కట్టి రోడ్డును ఆకాశానికి ఎత్తుకున్నాం. నేల మీద 1891 నుంచి ఉన్న దారిలో గంటకో మెము తిప్పమని మాత్రం గట్టిగా అడగలేదు.

మెమునే ఎందుకు అడగాలంటే, దానికి ఇంజన్ విడిగా ఉండదు. రెండు కొసలా డ్రైవర్ గది ఉంటుంది. చివరి స్టేషన్‌లో ఇంజన్ విప్పి అవతలి కొసకు తిప్పి తగిలించే పని ఉండదు. డ్రైవర్ ఈ కొస దిగి ఆ కొసకు నడిచిపోతే బండి తిరుగు ప్రయాణానికి సిద్ధం. ఆగిన చోటు నుంచి వేగం త్వరగా అందుకుంటుంది కాబట్టి దగ్గర దగ్గర స్టేషన్లలో ఆగినా పెద్దగా ఆలస్యం కాదు. వెస్ట్ లాంటి స్టేషన్‌కు అచ్చంగా సరిపోయే బండి అది.

ఒక చిక్కు ఉంది, దాచకుండా చెబుతాను. మన లైను గుంతకల్లు డివిజన్‌లో ఉంది. కాట్పాడి మాత్రం వేరే జోన్ అయిన దక్షిణ రైల్వే కింద, చెన్నై డివిజన్‌లో ఉంది. కాట్పాడి దాకా బండి వేళ మార్చాలంటే రెండు జోన్లు ఒప్పుకోవాలి. అందుకని కాట్పాడి బండ్ల కోసం విడిగా, పాకాల, చిత్తూరు దాకా తిరిగే బండ్ల కోసం విడిగా అడగాలని నా అభిప్రాయం. రెండోది ఒకే డివిజన్ చేతిలో ఉన్న పని. ముందు అది సాధిద్దాం.

అడగడానికి దారులున్నాయి. ప్రతి డివిజన్‌లో రైలు వినియోగదారుల సలహా సంఘం ఉంటుంది, దాన్ని డీఆర్‌యూసీసీ అంటారు. అందులో మన ప్రాంతం నుంచి ఎవరున్నారో కనుక్కొని వాళ్ళ ఇంటికి పోదాం. టైం టేబుల్ తయారయ్యే ముందు కోరికలు పంపితేనే చూస్తారు. ‘బండ్లు కావాలి’ అని ఒక్క వాక్యం రాసి పంపితే అది ఫైల్లో పడుకుంటుంది. ఎన్ని గంటలకు, ఎక్కడి నుంచి, ఎవరికోసం అన్నది రాయాలి.

అందుకే ఆ బల్ల మీద కాగితాలు పెట్టించాను. మీరు ఎక్కే ఊరు, దిగే ఊరు, పనికి చేరాల్సిన సమయం, తిరుగు ప్రయాణం ఎన్నింటికి, ఇప్పుడు ఎలా పోతున్నారు, ఈ ఐదు చాలు. పేరు రాయకపోయినా పరవాలేదు. రాయడం రాని అక్కలకు పిల్లలు పక్కన కూర్చొని రాసిపెట్టండి. కాలేజీ పిల్లలు రేపటి నుంచి ఉదయం, సాయంత్రం వంతులవారీగా వెస్ట్ స్టేషన్‌లో నిలబడి ఏ బండికి ఎంతమంది దిగారు, ఎంతమంది ఎక్కారు అని లెక్కపెట్టి రాయాలి. ప్లాట్‌ఫారం మీద నిలబడడానికి ప్లాట్‌ఫారం టికెట్ మరవొద్దు, పట్టాల మీదికి దిగొద్దు. ఆ లెక్కను టికెట్ల లెక్క పక్కన పెట్టి చూపిస్తే తేడా అధికారులకే కనబడుతుంది.

పూల మూటతో వచ్చే అక్కలు ఇక్కడ ఇద్దరు ఉన్నారు. మీ బండికి వేళవుతోందని తెలుసు, ముందు మీ కాగితాలు రాయించి మిమ్మల్ని పంపేస్తాం. మిగిలినవాళ్ళు ప్రశ్నలుంటే అడగండి.